ఒక మెట్టు తక్కువ

రికార్డు ప్లేయరు సూది కొనకు పట్టిన నూగును ఆమె మెత్తని కుంచెతో వెనక నుంచి ముందుకు దులిపి, భూతద్దంలో మళ్లీ చూసింది. పక్కకు దులిపితే సూదిని పట్టుకున్న సన్నకడ్డీ విరుగుతుంది. ముప్ఫై ఏళ్లలో ఆమె చేతిలో ఒక్కటీ విరగలేదు. విరుగుతుందేమోనన్న భయం మాత్రం రోజూ పొద్దున్నే ఆమెకంటే ముందొచ్చి బల్ల దగ్గర కూర్చునేది.

పాత రికార్డు ప్లేయర్లు బాగుచేసి అమ్మే కొట్టు అది. ముందుగది అమ్మకాలకు, కిటికీ లేని వెనకగది ఆమెకు. యజమాని ఆమెకు బంధువు కాడు. అయినా పనిలో చేరిన మొదటి వారంలోనే బాబాయ్ అయ్యాడు. ఆయన ఆమెకు పెట్టిన పేరు జాగ్రత్తమ్మ. గుండెజబ్బుతో ఆసుపత్రిలో పడుకుని, ఇంటికొచ్చి పది రోజులైంది. కొట్టుకు రావడం లేదు. నిన్న ఫోన్ చేశాడు. ఇంట్లో ప్లేయరుకున్న ప్రీయాంప్ కాలిపోయిందట.

"నా సూదికి సరిపడేది నువ్వే చూసి పట్రా. ఒక్క రికార్డు వినాలి."

గాడిలో సూది కదిలితే పుట్టే కరెంటు చీమ నడకంత. దాన్ని పెద్దది చేసి యాంప్లిఫయరుకు అందించేదే ప్రీయాంప్. సూదుల్లో అయస్కాంతం కదిలే రకం కాస్త గట్టిగానే మాట్లాడుతుంది. తీగచుట్ట కదిలే రకం అందులో పదో వంతు. బాబాయ్‌ది ఆ రెండో రకం. "అది గుసగుసలాడే సూది. మనమే దగ్గరకెళ్లి వినాలి" అని ఆమెకు నేర్పింది ఆయనే.

అరలో మూడు ప్రీయాంపులున్నాయి. మొదటిది అయస్కాంతం సూదులకే పనికొస్తుంది. రెండోది రెంటికీ పనికొస్తుంది గానీ, ట్రాన్స్‌ఫార్మరు అదే డబ్బాలో ఉండటంతో సన్నగా గుయ్యిమంటుంది. అంత మెల్లని సూదికి ఆ రొదే పాటైపోతుంది. కరెంటు డబ్బా విడిగా ఉన్న మూడోదాన్ని తీసింది. నోటుపుస్తకంలో ఆ సూది లెక్కలు చూసుకుంది. ప్రీయాంప్ అడుగున ఉన్న బుల్లి స్విచ్చుల్లో, సూదికి సరిపడే కరెంటు భారం వంద ఓములకు పెట్టింది. ధ్వని పెంచడానికి నాలుగు మెట్లున్నాయి. లెక్క ప్రకారం మూడో మెట్టు.

ఆమె రెండో మెట్టులో పెట్టింది.

మూడో మెట్టులో సూది చేయిజారి రికార్డు మీద పడితే బాంబు పేలినట్టుంటుంది. ఆ గుండె తట్టుకుంటుందా? ఎవరికిచ్చినా ఆమె ఒక మెట్టు తగ్గించే ఇచ్చేది. కొన్నవాళ్లు తిరిగొచ్చి, "ఏంటమ్మా, పాట పక్కింట్లో పాడుతున్నట్టుంది" అనేవాళ్లు. అప్పుడు పెంచి ఇచ్చేది. ఇన్నేళ్లలో ఎవరి స్పీకరూ పగల్లేదు. ఆ గొప్ప తనదే అనుకునేది.

బయల్దేరే ముందు, బస్సు నడిపే కూతురికి టీ వేళ చూసి ఫోన్ చేసింది.

"ఉన్నానమ్మా. బస్సు ఉంది, నేనున్నాను, ఎక్కినవాళ్లూ ఉన్నారు."

"బ్రేకులు చూశారా?"

"చూశారు. అవి కూడా నిన్ను అడిగినట్టు చెప్పమన్నాయి."

డబ్బాను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని బాబాయ్ ఇంటి మెట్లెక్కింది. మలుపు తిరగ్గానే, ఆ వాకిట్లో చెప్పులు గుట్టగా కనిపించాయి. జనం చేరారా? గోడ పట్టుకుని వెళ్లి తలుపు తట్టింది. తలుపు తీసిన పిన్ని చేతిలో చీపురుంది.

"బీరువా కింద దులుపుతున్నానే. అన్నీ మా చెప్పులే. రా, నీకోసమే కాచుక్కూర్చున్నాడు."

బాబాయ్ యాంప్లిఫయరు పక్కన పేము కుర్చీలో ఉన్నాడు. చొక్కా భుజాల నుంచి జారిపోతోంది. మణికట్టు మీద ఆసుపత్రి సూదుల మచ్చలు పసుపు తిరిగాయి. ఒళ్లో ఒక రికార్డు. కుర్రతనంలో ఆయన రికార్డింగు గదిలో కుర్చీలు సర్దే పని చేశాడు. ఆ రికార్డులో రెండో పాటకు ముందు, గాయని ఊపిరి తీసుకునే క్షణాన, ఆయన కూర్చున్న కుర్చీ కిర్రుమంది. మళ్లీ పాడించే తీరిక లేక దాన్ని అలాగే వదిలేశారు.

"నా పేరు ఏ అట్ట మీదా లేదమ్మాయ్. ఆ కిర్రు ఒక్కటే నాది. మళ్లీ ఒక్కసారి విని చూసుకోవాలి."

"యాభై ఏళ్లు కాపురం చేసి ఈయన కూడబెట్టిన ఆస్తి చూశావా? కుర్చీ చప్పుడు" అంటూ పిన్ని చెత్త ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లింది.

తీగలు కలిపి, రికార్డు పెట్టి, రెండో పాట ముందున్న నున్నని జాగాలో సూది దించింది. బాబాయ్ యాంప్లిఫయరు నాబ్ తిప్పి వాల్యూమ్ పెంచాడు. ఇంకా పెంచాడు. రేకు మీద వాన కురిసినట్టు బుస. ఆ బుస వెనక ఎక్కడో గొంతు. కిర్రు లేదు.

"ఏ మెట్టులో పెట్టావ్?"

"రెండు."

"మూడు కదా దీనికి?"

ఆమె అవునన్నట్టు తలూపింది.

"దేనికి భయపడ్డావ్? స్పీకరుకా, నాకా?"

"మీకే బాబాయ్."

ఆయన నవ్వబోయి దగ్గాడు. "నాకేం కాదు. పెంచు, జాగ్రత్తమ్మా."

స్విచ్చులు ముట్టుకునే ముందు వాల్యూమ్ సున్నాకు తేవాలన్నది ఆ పనిలో మొదటి పాఠం. ఆమె సూది ఎత్తి, ప్లేయరు పెట్టిన స్టాండు వెనక మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన వైపు ఆమె వీపు ఉంది.

"సున్నా చేశారా?"

"చేశాను."

మామూలు గొంతే. డబ్బా తిరగేసి, అగ్గిపుల్లతో ఎడమ స్పీకరు స్విచ్చి జరిపింది. తర్వాత కుడిది. రెండూ సమానంగా ఉన్నాయా లేదా అని మూడుసార్లు చూసింది. చెయ్యి చాపి మళ్లీ సూది దించింది.

"పెంచండి బాబాయ్."

చప్పుడు లేదు. కరెంటు ప్లగ్గు వదులైందేమో అనుకుని నొక్కింది. ఎర్త్ తీగ చూసింది. వెంట్రుకలాంటి సూది తీగ తెగిందేమో, కొత్త డబ్బా కాలిందేమో, తను ముట్టుకుని అంతా పాడుచేసిందేమో. ఒక్కో తీగా ఊడదీసి తుడిచి మళ్లీ పెట్టింది. అన్నీ బాగానే ఉన్నాయి. పాట సగానికి వచ్చి ఉంటుంది. సూది దగ్గర చెవి పెడితే చీమ గొంతుతో పాడుతోంది.

"బాబాయ్, పెంచారా?" అంటూ తిరిగింది.

ఆయన గడ్డం ఛాతీకి ఆనింది. చెయ్యి జారి ఒళ్లో పడి ఉంది. కళ్లు సగం మూసుకుని, చెవి కాస్త స్పీకరు వైపు వంగి ఉంది.

పిన్ని మంచినీళ్ల గ్లాసుతో వచ్చింది. "పాట రాలేదేమే?"

"రాలేదు పిన్నీ. పొద్దున నేనే..." ఆయన మణికట్టు పట్టి నాడి వెతికింది. దొరకలేదు.

మధ్యాహ్నానికి ఇరుగుపొరుగు చేరారు. ఎవరో కుర్చీ గోడ వారకు జరిపారు, ఎవరో ప్లేయరు ప్లగ్గు తీశారు. యాంప్లిఫయరును ఎవరూ ముట్టుకోలేదు. దాని నల్లని నాబ్ మీది తెల్లగీత, ఆయన తిప్పి వదిలిన సున్నా దగ్గరే నిలిచి ఉంది.