జ్వరం రాని రోజు చూసి

మా డిపో క్వార్టర్లలో ఎవరు ఎక్కడికి బయలుదేరాలన్నా ముందు చూసుకునేది వర్జ్యం కాదు, జ్వరం. దుమ్ముగూడెం రోడ్డులో అడవిని ఆనుకుని ఉన్న కలప డిపో అది. మా నాన్న సవరయ్య అక్కడ వాచర్. చలిజ్వరం రాని ఇల్లు ఒక్కటి లేదు. వచ్చిన మనిషికి రోజు విడిచి రోజు వచ్చేది. వణికించి, కాల్చి, చెమట పట్టించి పోయేది. మర్నాడు ఆ మనిషి లేచి పనికి పోయేవాడు. జ్వరం వంతు రోజున ఎవరూ గడప దాటరు, వంతు కాని రోజున బజారుకీ పెళ్లికీ తిరిగొస్తారు. దాన్ని మేము రోగమనే అనుకోలేదు. ఇంట్లో ఒక పెద్దమనిషి ఉన్నట్టు, దాని వేళలు తెలుసుకుని మసలుకునేవాళ్లం. అంత తెలివి మాది.

నాకు పదేళ్లప్పుడు, దసరా సెలవులకు హైదరాబాద్ పోదామన్నాడు నాన్న. అమ్మ తమ్ముడు రాయప్ప మామ శంషాబాద్ అవతల ఒక ద్రాక్షతోటలో పనిచేసేవాడు. ముందు సిటీ చూసి, ఆ తర్వాత తోటలో నాలుగు రోజులుండి రావాలని ఆలోచన.

"ఇప్పుడు పండ్లుంటయా?" అంది అమ్మ.

"పండ్లుండవు. పందిళ్లుంటయ్, చూస్తరు" అన్నాడు నాన్న, అదేదో పండ్లకంటే గొప్పదైనట్టు.

సాయంత్రం వాకిట్లో బొగ్గుముక్కతో గీతలు గీసి చార్మినార్ ఇక్కడ, గోల్కొండ ఇక్కడ, జూ ఇక్కడ అని చూపించేవాడు. హైదరాబాద్‌లో ఆయన చూసింది ఒక్క రైల్వే స్టేషనే, అదీ కలప లారీతో పాటు పోయినప్పుడు. ఆరేళ్ల తమ్ముడు ఆంథోని ఆ బొగ్గు జూ మీదే కూర్చుని లేచేవాడు కాదు.

"నాయినా, పులికి గూడ చలిజ్వరం వస్తదా?"

"ఎందుకు రాదు? దానికి గూడ వంతుంటది" అనేవాడు నాన్న.

ప్రయాణం దగ్గర పడ్డాక తమ్ముడికే చలిజ్వరం వచ్చింది. అమ్మ మానుకుందామంది. "వాడికి తక్కువైనంక పోదం."

"వాడికి తక్కువైయ్యేవరకు నా సెలవు అయిపోతది. మళ్ల ఎన్నేండ్లకిస్తరో" అన్నాడు నాన్న. వేళ్లు ముడిచి లెక్క చెప్పాడు. వంతు కాని రోజున బయలుదేరుతాం, వంతు రోజున సికింద్రాబాద్‌లో తెలిసినవాళ్లింట్లో దుప్పటి కప్పి పడుకోబెడతాం, మర్నాడు జూ. ఇంత చక్కని లెక్క ఇంకెవరూ వేయలేరన్న ధీమా ఆయన ముఖంలో. పక్కింటి పూల్‌సింగ్ కూడా బాగుందన్నాడు. మా దగ్గర అందరూ అలాగే పోయేవాళ్లు మరి. అమ్మ సంచులు సర్దింది.

బయలుదేరే పొద్దున కొత్త చొక్కా తొడుగుతూ అమ్మ ఆగిపోయింది. "వీడి ఒళ్లు కాలుతున్నది."

"చలి వచ్చిందా?"

"లేదు. ఉత్తగనే కాలుతున్నది."

"చలి రాకుంటే జ్వరమెట్లయితది? పొయ్యికాడ కూసున్నడు, సెగ తగిలింది. ఇయ్యాల దాని వంతు కాదు సంపూర్ణా."

చలిజ్వరానికి వేసే చేదు బిళ్ల కూడా వేయొద్దన్నాడు, బస్సులో కక్కుకుంటాడని.

భద్రాచలం వంతెన దాటేదాకా తమ్ముడు అమ్మ ఒడిలో మగతగా ఉన్నాడు. కొత్తగూడెం దాటాక ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. డ్రైవర్ పక్కన పులి కూర్చుందన్నాడు. దానికి టికెట్ కొట్టలేదేమని కండక్టర్‌ను అడిగాడు. బస్సంతా నవ్వింది. కండక్టర్ టికెట్ చింపినట్టు చేసి గాలిలోకి ఇచ్చాడు. నాన్న కాళ్లు నేల మీద నిలవలేదు. "పట్నం పోతున్నం సారూ, జూ చూపిద్దమని. ఇప్పటినుంచే చూస్తున్నడు" అని ముందు సీటుకీ వెనక సీటుకీ చెప్పుకున్నాడు. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఖమ్మం బస్టాండులో దిగి స్టేషన్‌కు పోవాలి. అమ్మ నీళ్లు పడితే తమ్ముడు మింగలేదు, నోటి పక్కనుంచి కారిపోయాయి. అమ్మ ముఖంలోకి చూసి, "నువ్వెవలు?" అన్నాడు.

రిక్షాలో దవాఖానాకు పరుగెత్తాం. డాక్టరు రెప్పలు ఎత్తి చూశాడు. మెడ వంచబోతే బిగుసుకుంది.

"ఎప్పటినుంచి కాలుతుంది?"

"పొద్దటినుంచి" అంది అమ్మ.

"మరి పొద్దున్నే అక్కడి దవాఖానాలో ఎందుకు చూపించలేదు?"

నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇయ్యాల దాని వంతు కాదు సార్."

డాక్టరు ఆయన వంక చూశాడు. తిట్టలేదు. "ఇది మీరనుకునే జ్వరం కాదు. మెదడుకెక్కేది. దీనికి వంతులుండవు" అని, నర్సును పిలిచి సెలైన్ పెట్టించాడు. వాళ్లు చేయగలిగిందంతా చేశారు. తమ్ముడికి ఫిట్లు వచ్చాయి. తెల్లవారేసరికి పోయాడు.

నాన్న గోడకు తల కొట్టుకున్నాడు. ఆయన మీద ఆ రోజు నాకు పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు, జాలీ తగ్గలేదు. రెండూ కలిసే ఉన్నాయి.

అమ్మ మాత్రం ఏడవలేదు. బిడ్డను మా చర్చి దగ్గరే మట్టిలో పెట్టాలంది. కారు కిరాయి మా వల్ల కాదు. పోయిన పిల్లవాడని తెలిస్తే ఏ బస్సూ ఎక్కించుకోదు. అమ్మ తమ్ముడికి ముఖం కడిగింది. తల దువ్వి, దుప్పటి చుట్టి, భుజాన వేసుకుంది.

"ఇద్దరూ కండ్లు తుడుసుకోండ్రి. మనూరు వచ్చేదాక ఎవ్వలు ఏడ్వద్దు" అంది.

భద్రాచలం బస్సులో మా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. సంచులు చూసి అడిగింది, "పిల్లలను తీసుకొని ఎక్కడికి పోయొస్తున్నరు?"

నాన్న కిటికీ వైపు తిరిగాడు. నేను అమ్మ వంక చూశాను.

"హైదరాబాద్" అంది అమ్మ.

"మంచిగ తిరిగిండ్రా?"

"అవ్ అక్కా. వీడే ఎక్కువ తిరిగిండు. అలిసిండు."

బస్సు చాలా దూరం పోయింది. అమ్మ తమ్ముణ్ని ఈ భుజం మీదినుంచి ఆ భుజానికి మార్చుకోవడం ఆమె చూసినట్టుంది. తన ఒడి సర్దుకుని చేతులు చాచింది.

"ఇటియ్యమ్మా, కొంచెంసేపు నేను పండవెట్టుకుంట. నీ చేతులు గుంజుతయ్."

అమ్మ దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఒద్దక్కా" అంది. "వీడు కొత్తోళ్ల దగ్గర ఉండడు."