మామ కారుకు దండ

మా నాయన అంబాసిడర్ నాకంటే వయసులో పెద్దది. తిరుపతిలో దాన్ని స్టార్ట్ చేస్తే శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిందేమోనని మా వీధివాళ్లు మేడలెక్కి చూస్తారు. నన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. ఇద్దరిలో ఒకరిని అమ్మమంటే నాయన ముందు నన్నే చూపిస్తాడు.

అమ్మ తమ్ముడు బాలచంద్ర మామ కొత్త కారు కొన్నాడు. దానికి ముందూ వెనకా కెమెరా కళ్లున్నాయి. ఎదుట ఏదైనా అడ్డమొస్తే తనంతట తానే ఆగుతుంది. తెలుగులో మాట్లాడుతుంది, అదీ మా అత్త కంటే మర్యాదగా.

దాని పూజకు రెండు కార్లలో కాణిపాకం బయలుదేరాం.

“బావా, ఈ డబ్బా దోవలో యాడన్నా నిలబడిందంటే పాత ఇనుమోళ్లకు ఇచ్చేయాల,” అన్నాడు మామ.

నాయన ముఖం మాడింది. “సరే. నీది నిలబడితే?”

“నాదా!” మామ నవ్వినాక గానీ మాట రాలేదు. “నిలబడితే స్వామి ఎదురుగా ‘మా బావ బండే మేలు’ అని ప్రమాణం జేస్తా.”

మా వైపు ఏ మాటైనా తప్పొచ్చు, కాణిపాకం ప్రమాణం తప్ప. ఆ వినాయకుడి ముందు అబద్ధమాడే ధైర్యం ఎవరికీ లేదు.

ఎత్తు వచ్చినచోటల్లా అంబాసిడర్ దగ్గింది. కాణిపాకం గోపురం కనబడేదాకా నాయన ఊపిరి పీల్చలేదు. కానీ అది నిలబడలేదు.

గుడి దగ్గర పూజారి కొత్త కారుకు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. దండ కట్టే పని నాకిచ్చారు. నేను మహా భక్తితో, కారు కళ్లకు అడ్డంగా కట్టాను.

“పోనీ మామా!”

కారు కదల్లేదు. “దయచేసి గమనించండి. ముందు అడ్డు ఉంది,” అంది.

“అది దండే!” మామ కారుతో వాదానికి దిగాడు. కారు వినలేదు.

“దండ తీసేద్దామా, మామా?” అన్నాను.

పూజారి కళ్లు పెద్దవి చేశాడు. “స్వామి దండప్పా! నిమ్మకాయలు తొక్కకముందే తీస్తారా ఎవురన్నా?”

దండ తీస్తే తప్ప కారు కదలదు. కారు కదిలితే తప్ప దండ తీయకూడదు. వెనక పూజకు నిలబడ్డ బండ్లు హారన్లు కొట్టాయి.

నాయన అంబాసిడర్ డిక్కీలోంచి మోకు తీసి రెండు కార్లకూ కట్టాడు. అంబాసిడర్ ఒక్క ఉరుము ఉరిమి లాగింది. నిమ్మకాయలు పచ్చడయ్యాయి.

“ముందు అడ్డు ఉంది,” అంటూనే ఉంది కొత్త కారు. నిజమే. ఇప్పుడు ముందు అంబాసిడర్ ఉంది.

“రా బామ్మర్దీ, స్వామి దగ్గిరికి పోదాం,” అన్నాడు నాయన.

“యాడ నిలబడింది బావా? కదల్లేదు, అంతే!”

“ఆ మాటే ఆడికొచ్చి సెప్పు.”

మామ గోపురం వైపు చూశాడు. మెల్లగా చెప్పులు విప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“నువ్వూ రారా. దండ అట్ల ఎందుకు కట్టినావో స్వామి ముందర సెబుదువు.”

నేను కార్లకు కాపలా ఉండిపోయాను.