రుక్మాబాయి దుకాణానికి దారి

నవత ప్రపోజల్ రాయడానికి కూర్చుందంటే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. టీవీ సౌండు తగ్గుతుంది, పక్కన పెట్టిన చాయ్ చల్లారిపోతుంది, ఫోన్ మోగినా ఎత్తదు. నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో వాళ్ళది చిన్న ఇల్లు. ముందు గదిలో కిటికీ కింద ఆమె లాప్‌టాప్, ఆ పక్కనే నేల మీద అత్త భూమవ్వ బీడీల చాట. భర్త ధనుంజయ్ డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎలక్ట్రీషియన్. పొద్దున పోతే మళ్ళీ సాయంత్రమే రావడం. పగలంతా అత్తాకోడళ్ళిద్దరూ ఒకే ఫ్యాను కింద ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు.

నవత పని ఇది: ఊళ్ళో జనం ఫోన్లో ఏదైనా వెతికితే, ఆ సరుకు అమ్మేవాళ్ళ పేరు కిందెక్కడో కాకుండా పైన కనబడేలా వాళ్ళ వెబ్‌సైట్‌ను సరిచేయడం. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కొన్నేళ్ళు ఈ పనే చేసింది. పెళ్ళయ్యాక సొంతంగా చేసుకుంటోంది. పని అంటే ఆమెకు ఇష్టం. పని దొరకడానికి ముందు రాయాల్సిన ప్రపోజల్ అంటేనే ప్రాణం మీదికి వస్తుంది. పాత కంపెనీ నుంచి తెచ్చుకున్న నమూనా ఒకటి ఉంది. రంగురంగుల గ్రాఫులు, బాణం గుర్తులు, ఎవరికీ అర్థంకాని ఇంగ్లీషు. దాంట్లో పేరు మార్చి పంపుతుంది. చాలామంది 'చూసి చెప్తాం' అంటారు. ఆ తర్వాత ఏమీ చెప్పరు.

"దినాం గదేం రాస్తవు బిడ్డా, పని షురూ గాకముందే?" అని భూమవ్వ ఒకరోజు అడిగింది.

"పని నాకియ్యుండ్రి అని అడుగుడు అత్తమ్మా. ఏం చేస్త, ఎట్ల చేస్త, ఎన్ని దినాలు వడ్తది, అన్నీ రాసియ్యాలె."

"సంబంధానికి బయోడేటా వంపినట్టా?"

"గట్లనే అనుకో."

"మావోనికి కోపమే రాదని గూడ రాయించినం అందుల" అని భూమవ్వ తునికాకు కత్తిరిస్తూ నవ్వింది. నవత కూడా నవ్వింది. ధనుంజయ్ కోపం సంగతి ఇద్దరికీ తెలిసిందే.

మార్చి నెలలో బోధన్ నుంచి రంజిత్ అనే అతను ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ రుక్మాబాయి ఎంసీఆర్ చెప్పులు కుడుతుందని చెప్పాడు. షుగర్ జబ్బు వల్లో, మరొక దానివల్లో పాదాలు మొద్దుబారిన వాళ్ళు తొడుక్కునే మెత్తటి చెప్పులవి. డిగ్రీ చదివి అమ్మతోపాటు దుకాణంలోనే ఉంటున్నాడట. వెబ్‌సైట్ కూడా తనే తయారుచేశాడట.

"హైదరాబాద్ కంపెనీ ఒకటి ప్రపోజల్ వంపింది మేడం. నెల రోజులల్ల ఫస్ట్ నంబర్ తెస్తమని గ్యారంటీ రాసిచ్చిండ్రు. మీరు గూడ ఒకటి వంపుండ్రి, రెండూ చూసి చెప్త" అన్నాడు.

నవత ఆ రోజే కూర్చుంది. అంతకుముందు ఒక టైల్స్ షోరూంకు పంపిన ప్రపోజల్ తెరిచి, టైల్స్ ఉన్నచోటల్లా చెప్పులు పెట్టుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి అయిపోయింది. పంపే ముందు మొదటి నుంచి చదువుకుంటే ఒకచోట 'మీ ఫ్లోరింగ్ అనుభవం' అని ఉంది. అది తీసేసింది. కానీ తీసేశాక మిగిలిన పేజీల్లో కూడా చెప్పుల గురించి ఒక్క ముక్క లేదని కనిపించింది. టైల్స్ గురించీ లేదు. ఆ పేజీలు ఎవరికైనా పంపొచ్చు. ఆమెకు తన మీద తనకే చిరాకు వచ్చింది. లాప్‌టాప్ మూసేసి, మర్నాడు పొద్దున బోధన్ బస్సెక్కింది.

ఎడపల్లి దాటాక కిటికీ అవతల అక్కడక్కడ చెరుకు, మిగతాదంతా వరి. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో ఈ దారంతా చెరుకు బండ్లే ఉండేవని పక్కసీటు పెద్దమనిషి చెప్పుకొచ్చాడు. బోధన్‌లో దిగి ఫోన్లో మ్యాపు పెట్టుకుంటే అది పాత బస్టాండ్ వెనక సందులోకి తీసుకుపోయింది. అక్కడ చీరల దుకాణం ఉంది. రంజిత్‌కు ఫోన్ చేస్తే, "అయ్యో, మేం శక్కర్‌నగర్ రోడ్డుకు మారి చానా దినాలైంది మేడం, ఆటో ఎక్కి రాండ్రి" అన్నాడు.

దుకాణం చిన్నదే కానీ శుభ్రంగా ఉంది. రబ్బరు షీట్ల వాసన, గమ్ము వాసన. రుక్మాబాయి ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న మనిషి పాదాన్ని తెల్లకాగితం మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీత గీస్తోంది. యాభై దాటిన మనిషి, మరాఠీ పద్ధతిలో కట్టిన చీర. భర్త ఒక ఆస్పత్రి వర్క్‌షాపులో ఈ విద్య నేర్చుకుని, పెళ్ళయ్యాక ఆమెకు నేర్పాడు. ఆయన పోయినా దుకాణం ఆగలేదు.

నవత తన పని గురించి చెప్పింది. రుక్మాబాయి ఓపికగా వింది. తర్వాత, "మంచిదే బిడ్డా. జనం ఇంకా ఎక్కువొస్తే మరి కుట్టేదెవరు?" అని అడిగింది.

ఆమె వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నవత ప్రపోజల్స్ అన్నిటిలోనూ గ్రాఫులో ఒక గీత పైకి పోతూ ఉంటుంది. ఇక్కడేమో ఒక సూది, ఒక జత చేతులు, అవసరానికి ఇంకో జత రంజిత్‌వి. ఆ గీత పైకి పోతే కష్టం ఎవరికో ఆమెకు కనబడింది.

"ఇయ్యాల ఇక్కడ్నే కూసుంట అక్కా, అడ్డం లేకపోతే."

"కూసో. అడ్డమేంది."

గోడవార స్టూలు మీద కూర్చుని నవత వచ్చేపోయేవాళ్ళ మాటలు వింది. ఒకరు షుగర్ చెప్పులు అన్నారు. ఒకావిడ తిమ్మిర్ల చెప్పులు అంది. ఒక ముసలాయన మెత్త చెప్పులని అడిగాడు. నాందేడ్ వైపు నుంచి వచ్చిన దంపతులు మరాఠీలో 'షుగర్‌చీ చప్పల్' అన్నారు. రంజిత్ వెబ్‌సైట్‌లో మాత్రం ఇవేవీ లేవు. డాక్టర్లు చీటీ మీద రాసే పెద్ద ఇంగ్లీషు మాట ఒకటి, దానికింద 'రాష్ట్రంలో నంబర్ వన్' అని ఉంది.

ఎండ బాగా ముదిరిన వేళ ఆటో దిగి ఇద్దరు వచ్చారు. నందిపేట్ నుంచి పోశయ్య అనే రైతు, అతని కూతురు శృతి. శృతి మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఫోన్ల చూసుకుంట వస్తే చీరల దుకాణం కాడ దించింది. అక్కడ ఎవ్వరికీ తెల్వది. బాపును వట్టుకొని ఆ గల్లీలన్నీ తిరిగిన. ఆఖరుకు ఈ ఆటో ఆయన తోలుకొచ్చిండు" అంది.

"ఏం గాలే, నాకేం నొప్పి లేదు" అన్నాడు పోశయ్య.

రుక్మాబాయి అతన్ని కూర్చోబెట్టి చెప్పు విప్పి, అంటుకుపోయిన సాక్సు మెల్లగా తీసింది. పట్టీ ఒరుసుకుని బొటనవేలి పక్కన చర్మం లేచిపోయి నెత్తురు కారింది. పోశయ్య వంగి చూసుకుని, అది ఎవరి కాలో అన్నట్టు ఆశ్చర్యపోయాడు. అతనికి స్పర్శ లేదు. శృతి రెండు చేతులతో నోరు మూసుకుంది.

రుక్మాబాయి నీళ్ళు తెచ్చి కాలు కడిగింది. శుభ్రమైన గుడ్డ చుట్టింది. "ఇప్పుడు కొలత తియ్యను. ముందుగాల సర్కారు దవాఖానకు పోయి కట్టు కట్టించుకోండ్రి. పుండు మానినంక ఫోన్ చేసి రాండ్రి, నేనే కుట్టిస్త" అని, అప్పటికి తొడుక్కుపోవడానికి వదులుగా ఉన్న మెత్తటి జత ఒకటి ఇచ్చింది. రంజిత్ వాళ్ళను ఆటో ఎక్కించి వచ్చాడు.

నవత లేచి అతని ముందుకు పోయింది. "ఆ మ్యాపుల అడ్రస్ ఎవరి పేరు మీదున్నది తమ్మీ?"

"నేనే పెట్టిన అక్కా, పాత దుకాణమున్నప్పుడు. పాస్‌వర్డ్ యాదికి లేదు."

"ఫోన్ ఇటియ్యి."

ఓటీపీ పాత నంబరుకే వస్తుంది, ఆ సిమ్ము ఇంట్లో పెట్టెలో ఉంది. రంజిత్ బండి మీద పోయి తెచ్చాడు. ఇద్దరూ కౌంటర్ మీద తలలు ఆనించి కూర్చుని పాస్‌వర్డ్ మార్చారు, గుర్తును పాత బస్టాండ్ నుంచి తీసి శక్కర్‌నగర్ రోడ్డు మీద పెట్టారు. నవత బయటికి పోయి ఎండలో నిలబడి బోర్డు ఫోటో తీసి ఎక్కించింది. శుక్రవారం బంద్ అని రాసింది. కొత్త ఫోన్ నంబరు పెట్టింది.

"ఇది ప్రపోజల్ల రాసి పైసలు అడిగేది గదా అక్కా. ముందుగాలనే చేస్తివి?" అన్నాడు రంజిత్.

"రేపు ఇంకెవరన్న ఆ గల్లీలనే తిరుగుతరు. ఆగేది గాదు."

మర్నాడు నవత ప్రపోజల్ రాసింది. పాత నమూనా తెరవలేదు. తెలుగులో రాసింది. మీ దుకాణానికి వేలమంది అక్కర్లేదు, బోధన్ చుట్టుపక్కల, మహారాష్ట్ర సరిహద్దు దాకా, కాళ్ళు మొద్దుబారిన వాళ్ళకు మీ దుకాణం దొరకాలి అని మొదలుపెట్టింది. వాళ్ళు ఏ మాటతో వెతుకుతారో ఆ మాటలే వెబ్‌సైట్‌లో ఉండాలంది. తెలుగులోనూ, మరాఠీలోనూ. ముందు ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకునే ఏర్పాటు పెడదామంది. అప్పుడు వచ్చినవాళ్ళు ఊరికే తిరిగిపోరు, కుట్టేవాళ్ళకు ఊపిరి సలుపుతుంది. చివర్న, ఫస్ట్ నంబర్ తెస్తానని గ్యారంటీ ఇవ్వలేననీ, ఆ మాట ఇచ్చేవాళ్ళ చేతిలో కూడా అది ఉండదనీ రాసింది.

రాసేటప్పుడు హాయిగా ఉంది. చాయ్ వేడిగా ఉండగానే తాగింది. పంపాక మాత్రం గుబులు పట్టుకుంది. పాత కంపెనీలో ఇలాంటిది పంపితే మేనేజర్ పిలిచి క్లాసు పీకేవాడు. వారం గడిచినా రంజిత్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. తనే ఫోన్ చేసింది.

"చూసిన అక్కా. నిజం చెప్పాల్నంటే వాళ్ళది చూస్తే పెద్ద కంపెనీ లెక్కున్నది. మీదాంట్ల ఒక్క గ్రాఫ్ గూడ లేదు" అన్నాడు రంజిత్ మొహమాటంగా.

"అవును, పెట్టలే" అంది నవత.

పోయిందిలే అనుకుంది. రాబడి సంగతి పక్కన పెడితే, ఆ ప్రపోజల్ రాసినందుకు మాత్రం ఆమెకు బాధ కలగలేదు. అది తనకే వింతగా తోచింది. మళ్ళీ రాసినా అలాగే రాస్తుంది.

ఆదివారం పొద్దున రుక్మాబాయే ఫోన్ చేసింది.

"రంజిత్ రెండూ సదివి వినిపించిండు బిడ్డా. వాళ్ళది మంచిగనే ఉండొచ్చు, నాకు తెల్వది. నీ కాయితంల మా దుకాణం ఉన్నది. నువ్వే చెయ్యి. కాని ఒక మాట తక్కువైంది."

"ఏంది అక్కా?"

"పుండు ఉన్నోళ్ళు ముందుగాల దవాఖానకు పోవాలె, తర్వాతనే ఇక్కడికి రావాలె అని రాయి. పెద్దగ రాయి. అది లేకుంటే నాకీ పనే వద్దు."

"మొదటి పేజీలనే పెడ్త."

"ఇంగోటి. నంబర్ వన్ అని ఉన్నదంట గదా, అది తీసెయ్యి. నాకు సిగ్గయితది."

నవత ఫోన్ పెట్టేసి నవ్వుకుంటూ కూర్చుంటే భూమవ్వ చాట పక్కకు జరిపి, "ఏమైంది? సంబంధం కుదిరిందా?" అంది.

"కుదిరింది అత్తమ్మా. పిల్ల తల్లి దిక్కు నుంచి రెండు షరతులు."

"రెండేనా? నయం" అంది భూమవ్వ.

ఎండాకాలమంతా పని నడిచింది. నవత వారానికోసారి బోధన్ పోయేది. వెబ్‌సైట్‌లో రుక్మాబాయి చేతుల ఫోటోలు, పాదం ఎలా కొలుస్తారో చూపే చిన్న వీడియో పెట్టారు. మరాఠీ మాటలు రుక్మాబాయి చెబుతుంటే రంజిత్ టైపు చేశాడు. తప్పులు వస్తే ఆమె పెన్సిలు కొసతో వాడి భుజం మీద తట్టేది. పోశయ్య పుండు మానాక ముందే ఫోన్ చేసి వచ్చి, కొత్త చెప్పులు తొడుక్కుని దుకాణంలోనే రెండు రౌండ్లు తిరిగి చూసుకున్నాడు. మెల్లమెల్లగా ఫోన్లు పెరిగాయి. చేతి పని సరిపోవడం లేదని రుక్మాబాయి చుట్టాలమ్మాయి సవితను పనిలో పెట్టుకుని నేర్పడం మొదలుపెట్టింది. డాక్టర్లు రాసే ఆ పెద్ద ఇంగ్లీషు మాటతో వెతికితే వాళ్ళ దుకాణం ఇప్పటికీ ఎక్కడో కిందే ఉంటుంది. తిమ్మిర్ల చెప్పులు అని వెతికితే మాత్రం పైనే ఉంటుంది.

ఆ తర్వాత నవత రాసిన ప్రపోజల్స్ అన్నీ ఇలాగే గెలిచాయని కాదు. ఆర్మూర్ షోరూం ఒకటి గ్రాఫులు కావాలని అడిగితే గ్రాఫులు పెట్టి ఇచ్చింది, ఆ పనీ దొరికింది. ఇంకొకరు తెలుగులో ఉందని నవ్వి పక్కన పడేశారు. కానీ రాయబోయే ముందు ఒక రోజు పోయి ఆ దుకాణంలో కూర్చోవడం అలవాటైపోయింది. బస్సు ప్రయాణాలు ఎక్కువయ్యాయి, నడుం నొప్పి కూడా. అయినా ఆ రోజులే ఆమెకు ఇష్టం.

వానలు మొదలైన వారం సిరికొండ నుంచి శంకరమ్మ అనే ఆవిడ పిలిచింది. తేనె, మామిడి తాండ్ర అమ్మే ఆడవాళ్ళ సంఘం వాళ్ళది. నవత పోయేసరికి రేకుల షెడ్డు మీద వాన దబదబ కురుస్తోంది. మాటలు వినబడటం లేదు. శంకరమ్మ ఒక చాప పరిచి, ఆమె చేతిలో తాండ్ర ముక్క పెట్టి, వాన తగ్గేదాకా ఆగుదామని సైగ చేసింది. నవత గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. తాండ్ర పుల్లపుల్లగా బాగుంది. ఆమె ఇంకో ముక్క అడిగింది.