పల్లవిలో పేరు

ఫైర్ బాయ్స్ అనే ఆ రాక్ బ్యాండులో నలుగురికీ నల్ల కళ్లద్దాలున్నాయి, ఒక్కరికీ పాట రాయడం రాదు. 2003లో శామీర్‌పేట రోడ్డు పక్క భూమి అమ్మగానే సుచిత్ర పెదనాయన తన కొడుకు అన్వేష్‌కు గిటారు కొనిచ్చాడు. అన్వేష్ దాన్ని వాయించడం కంటే మెడలో వేసుకుని మేడ్చల్ బస్టాండు దాకా నడవడమే ఎక్కువ. డ్రమ్ములు కొట్టే నిఖిల్ మే నెల ఎండలో కూడా తోలు కోటు విప్పడు.

పాటలు మాత్రం పదో తరగతి చదివే సుచిత్రవి. ఆమె డైరీ వెనక పేజీల్లో రాసుకుంటే అన్వేష్ చింపుకుపోయేవాడు. మేడ్చల్ వినాయక మండపంలో మొదటి పాటకే జనం ఈలలు వేశారు. ఆ తర్వాత కాలేజీ ఫంక్షన్లు, జీడిమెట్లలో ఒక కంపెనీ వార్షికోత్సవం, చివరికి లోకల్ కేబుల్ టీవీ.

"ఇంత మంచి పాటలు ఎవరు రాస్తారండీ?" అని టీవీలో యాంకరమ్మ అడిగింది.

"నేనే. గట్ల వచ్చేస్తయ్," అన్నాడు అన్వేష్ జుట్టు ఎగరేస్తూ.

టీవీ ముందు కూర్చున్న సుచిత్ర కంచం పక్కకు జరిపింది. ఒక్కసారి తన పేరు పదిమందిలో వినబడాలి, అంతే ఆమె కోరిక. కానీ అన్న ఎదుట నోరు పెగలదు.

నాయనమ్మ యాదవ్వ ఊరి భజనలో తాళాలు కొడుతుంది. "మా పాటల్ల రాసినోని పేరు ఆఖరి చరణంల ఉంటది బిడ్డా. పాట ఏ ఊరికి వోయినా పేరు ఎంబడే వోతది," అంది.

"వీళ్లు ఆఖరి దాకా ఏడ పాడుతరవ్వా? రెండో చరణానికే తలకాయలు ఊపుడు షురూ."

"అయితే ముందల్నే పెట్టు."

సుచిత్ర పల్లవిలోనే పెట్టింది:

ఆగు ఆగు ఓ మబ్బా, అడుగుతాంది సుచిత్ర
మా చెరువు నింపకుండ యాడికమ్మా నీ యాత్ర

"గీ పేరేంది నడుమ? తీసెయ్," అన్నాడు అన్వేష్.

"నువ్వే తీసి పాడుకో అన్నా," అంది సుచిత్ర తల వంచుకునే. అతనితో అంత మాట అనడం అదే మొదలు.

తీస్తే పల్లవి కుంటింది. అక్కడ ఇంకో పేరే పెట్టాలి. ఎవరిది? ఫైర్ బాయ్స్ రిహార్సల్ మానేసి వారం రోజులు కొట్లాడారు. అంతలో ఆ ఏటి వినాయక నిమజ్జనం వచ్చింది. ఆ రోజు పట్టపగలు అన్వేష్ స్టేజీ ఎక్కి "అడుగుతాండు అన్వేష్" అని అరిచాడు. నిఖిల్ డ్రమ్ములు వదిలేసి ఇంకో మైకు లాక్కుని "అడుగుతాండు నిఖిల్" అన్నాడు. మిగిలిన ఇద్దరూ ఊరుకుంటారా? తలా ఒక పేరు. వెనకాల 'యాత్ర' మాత్రం జత దొరక్క దిక్కులు చూసింది.

"ఏందిరా, హాజరు పిలుస్తున్నరా?" అని ముందు వరసలో ఎవరో కేకేశారు. జనం పగలబడి నవ్వారు. మైకు నిఖిల్ నుదుటికి తగిలింది, డ్రమ్ము స్టేజీ మీంచి దొర్లింది. బ్యాండు అక్కడితో సరి.

పది రోజులకు అన్వేష్ ఒక్కడే వచ్చాడు, కళ్లద్దాలు లేకుండా. "సుచీ, ఇగ నేనొక్కన్నే పాడుత. ఒక్క పాట ఇయ్యవా?"

"మబ్బు పాట ఉన్నది గదా," అంది సుచిత్ర. ఈసారి తల వంచలేదు. "ఉన్నదున్నట్టు పాడు."

యాదవ్వ తాళాలు చేతిలోకి తీసుకుంది. "పాడు కొడుకా, జల్దీ. భజనకు యాళ్లయితాంది."

వాకిట్లో నిలబడి పాడాడు. శ్రుతి లేదు, లయ లేదు. పేరు మాత్రం పక్కింటి దాకా వినబడింది.