పాత కారులో తంబుర నాదము

వర్షాకాలకలుషితంబైన గోదావరీజలంబు తేటపడి శరన్నిర్మలాకాశంబునకు దర్పణంబై యొప్ప, లంకలయందలి రెల్లుపూవులు ప్రభాతమందమారుతంబునకు దెల్లని తరంగంబులవలె నూగుచుండ, రాజమహేంద్రవరవాస్తవ్యుడగు పేర్రాజుగారు తమ వయసుడిగిన అంబాసిడరు కారును జిలానీయను మెకానికు దుకాణము ముంగిట నిలిపిరి.

ఆయన కాలువలాకులయొద్ద నుద్యోగము చేసి విరమించిన సాధుపురుషుడు. సంగీతమన్న నేమియు నెరుగడు. ఆయన యర్ధాంగి వేదవల్లి మాత్రము చిరకాలము పట్టణబాలికలకు గానవిద్య గరపిన కోకిలకంఠి. విధివశంబున నామెకు గర్ణరోగంబు ప్రాప్తించి వినికిడి నానాటికి సన్నగిల్లెను. శ్రుతి తప్పినను శిష్యురాండ్రు గౌరవాతిశయంబున మెచ్చుకొనిరే కాని నిజము పలుకరైరి. ఒకానొక సభయందు శ్రోతలు మొగమొగంబులు చూచుకొనుట గాంచి యామె సర్వంబు గ్రహించి, నాటినుండి తంబురకు గవిసెన తొడిగి పాట మానెను; ఇతరులమాటలు పెదవుల కదలికచే గ్రహించుచుండెను.

ఇట్లుండ నొకనాడు పెండ్లియూరేగింపులోని డప్పులమ్రోత కారుతలుపు నదరింపగా, లోన గూర్చున్న వేదవల్లి వ్రేళ్లు తమంత దామే తాళము వేయుట పేర్రాజుగారి కంటబడెను. మంద్రధ్వనులు మాత్ర మామెకింకను దెలియుచున్నవని యాయన హృదయంబున నాశాంకురంబు మొలకెత్తెను; అందులకే కారును జిలానీకడకు దెచ్చిరి.

"జిలానీ, ఈ పాత రేడియో తీసేసి మంచిది బిగించు. గోల వద్దు. తంబుర మోగితే మా ఆవిడ ఒంటికి తెలియాలి, అంతే" అని యాయన పలికెను.

"ఆయ్, సీటు కిందో పెద్ద స్పీకరు, అమ్మగారి పక్క తలుపులో ఇంకోటీ పెడదామండి. కానండి, పాత రేకులు కదండీ, గలగలలాడతాయి. లోపల మందపాటి షీటు అంటించకపోతే తంబుర కాస్తా తపేలా మోతైపోద్దండి" అని జిలానీ నవ్వెను.

అతడు శిథిలంబులైన తీగలు మార్చి తలుపులు విప్పి పని సాగించుచుండిన దినంబులయందు, పేర్రాజుగారు ప్రతియుదయంబును దుకాణంబున గూర్చుండి తమ ఫోనునందలి తంబురనాదంబు నాలకించుచు, దమ బొంగురుగొంతుతో "స" యని పలుమారు లెత్తుచు, గలియుటెట్టిదో కలియకుండుటెట్టిదో చెవికి నేర్పుకొనిరి. జిలానీ నవ్వాపుకొనలేక పలుమారులు పానా జారవిడిచెను.

పని ముగిసిన పిదప భార్యను గారెక్కుమని వేడగా, "చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టు, నాకెందుకండీ ఈ వేడుక?" అని యామె విసుగుకొనెను. ఆయన తలుపు తెరచి, యామెను గూర్చుండబెట్టి, ధవళేశ్వరపు గట్టువెంబడి కారు నడిపి, నిర్జనప్రదేశంబున నిలిపి మీట నొక్కెను.

మంద్రగంభీరంబగు తంబురనాదంబు పీఠంబునుండి యామె వెన్నెముక వెంబడి ప్రాకి హృదయంబు నంటెను. వేదవల్లి యులికిపడి తలుపుపై నరచేయి యాన్చి, కన్నులు మూసికొని, చాలసేపటికి సన్ననిగొంతున షడ్జంబు నెత్తెను. ఎత్తి భర్తమొగంబు వంక భయంబుతో జూచి, "కలిసిందా?" అని యడిగెను.

కలిసినదని పలుకుట యెంత సులభము!

"లేదు, వల్లీ. కాస్త కిందుంది."

ఆమె తలుపుపై నరచేతిని గట్టిగా నదిమెను. పిదప మరల నెత్తెను.

"ఇంకొంచెం పైకి... ఇంకా... ఆఁ, ఆగు! అదీ!"

నాదంబును గంఠంబును నొక్కటయ్యె. వేదవల్లి కన్నులనుండి యశ్రుధారలు జాలువారెను. "ఇన్నాళ్లూ ఒక్కరూ నాకు నిజం చెప్పలేదండీ" అని భర్తచేతిని దన చెక్కిలి కదుముకొనెను.

అది మొదలు ప్రతిప్రభాతంబునను నా గట్టుపై నొక ముసలికారు మెల్లమెల్లన సాగుచుండును. లోన వేదవల్లి పాడుచుండును. స్వరంబు జారినప్పుడు పేర్రాజుగారు త్రోవనుండి చూపు మరల్చకయే చూపుడువ్రేలించుక పైకెత్తుదురు. ఆమె చిరునగవుతో నా వ్రేలు చూపిన యెత్తునకు గొంతు నెత్తును.