ఫిబ్రవరిలో పది రోజులు

వనపర్తిలోని పల్లీల కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఏడాది ప్లాన్ తయారుచేసేది మొహసినే. ఏ నెలలో ఏ ఊరి పంట కొనాలి, ఒలిచే మిషన్లు ఎన్ని షిఫ్టులు నడవాలి, కూలీలు ఎంతమంది కావాలి, అన్నీ అతనే రాసేవాడు. ఈసారి యజమాని లింగయ్య ఆ పని స్వరూపకు అప్పగించాడు. ఆమె చేరి ఇంకా రెండేళ్లు నిండలేదు.

"కొత్త తీరుగ చేస్తనంటుంది, మొహసిన్. నువ్వు జర సాయం చెయ్యి" అన్నాడు లింగయ్య.

"సరే సార్" అన్నాడు కానీ మొహసిన్‌కు ఆ పూట అన్నం సయించలేదు.

ఆ తర్వాత ఆమె ఏం చేసినా అతనికి కంట్లో నలుసే. డ్రైవర్లు ఆమెను మేడమ్ అంటే ఒళ్లు మండేది. ఇదివరకు తనతో కలిసి తాగే చాయ్ లింగయ్య ఆమె టేబుల్ దగ్గర నిలబడి తాగుతుంటే మొహసిన్ తల తిప్పుకునేవాడు.

ఒకరోజు ప్లాన్ అందరి ఫోన్లకూ వచ్చింది. ఫిబ్రవరి చివర్లో పది రోజులు మిషన్లు ఆపి రిపేర్లు చేయిస్తామని ఉంది. బల్మూర్, ఉప్పునుంతల పల్లీల లారీలు గేటు ముందు బారులు తీరేది సరిగ్గా అప్పుడే. నిరుడు అకాల వానలకు అక్కడ పంట పోయి సరుకు రాలేదు. స్వరూప ఆ ఒక్క ఏడాది లెక్కే చూసింది.

మొహసిన్ తప్పు పట్టుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మీటింగులో లింగయ్య అడిగాడు. "ఏమన్న మార్చాల్నా మొహసిన్?"

"మంచిగనే ఉంది సార్."

ఆగిపోయిన మిషన్లు, ఎదురుచూసే లారీలు, చివరికి తన దగ్గరికే పరుగెత్తుకొచ్చే లింగయ్య, అన్నీ అతని కళ్ల ముందు మెదిలాయి. లోపల తియ్యగా అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది. అయినా నోరు తెరవలేదు.

నాలుగు రోజులకు స్వరూప అతని ముందుకొచ్చి నిలబడింది. "అన్నా, బల్మూర్ పోయొచ్చిన. ఫిబ్రవరిల మిషన్లు ఆపుతమంటే రైతులు నవ్విండ్రు. నీకు తెల్వదా?"

తెలియదని అనొచ్చు. "తెలుసు" అన్నాడు.

"మరెందుకు చెప్పలే?"

"తొమ్మిదేండ్లు నేను చేసిన పని నీకిచ్చిండ్రు. ఓర్చుకోలేకపోయిన."

స్వరూప మార్చిన ప్లాన్ కాగితాలు అతని టేబుల్ మీద పెట్టింది. "రిపేర్లు మే నెలకు మార్చిన. దాంట్ల గూడ తప్పుందా? ఉన్నా చెప్పవా?"

"మే మంచిదే. ఎండలకు కూలీలు ఎట్లైనా తక్కువొస్తరు."

ఆమె వెళ్లాక మొహసిన్ తనే లింగయ్య గదిలోకి పోయి జరిగింది చెప్పాడు.

లింగయ్య మొహం ముడుచుకుంది. "నీ నుంచి గిట్ల అనుకోలే. వచ్చే ఏడు గూడ ప్లాన్ ఆమెనే చేస్తది."

"చెయ్యనియ్యుండ్రి సార్" అని మొహసిన్ బయటికొచ్చాడు.

తన టేబుల్ దగ్గరికొచ్చి, ఆమె ప్లాన్‌లో కూలీల లెక్కలున్న పేజీలు తీసి చదివాడు. రెండు తప్పులు కనిపించాయి. మొదటిది వెంటనే స్వరూపకు పంపాడు. రెండోది పంపడానికి అతనికి సాయంత్రం దాకా పట్టింది.