సంఘం బస్సు

బస్సు కొన్నప్పటి నుంచి వనజకు వానంటే భయం పట్టుకుంది.

ఆమె బెల్లంపల్లిలో బట్టలు కుట్టుకుని బతికే మనిషి, మండల మహిళా సమాఖ్యకు అధ్యక్షురాలు. నిరుడు సమాఖ్య పేరు మీద బ్యాంకులో ముప్పై లక్షలు అప్పు తీసి, బస్సు కొని, ఆర్టీసీకి కిరాయికి ఇచ్చారు. ఆ కిరాయిలోంచే నెలనెలా కిస్తీ కట్టాలి, డ్రైవర్‌కు జీతం ఇవ్వాలి. సంతకాల రోజు దుర్గవ్వ అనే పెద్దావిడ వెనకాడింది.

"నా పేరు మీద గొర్రె గూడ లేదు బిడ్డా. గిప్పుడు బస్సంటున్నరు. రేపు ఏమన్నయితే ఎవ్వలం కట్టగల్గుతం?"

"నేను లేనా పెద్దవ్వా? ఫికర్ చెయ్యకు," అని వనజే ఆమె చేత సంతకం పెట్టించింది.

ఈ జులైలో గేరుబాక్సు చెడిపోయి బస్సు తొమ్మిది రోజులు షెడ్డులో పడి ఉంది. తిరగని రోజులకు కిరాయి రాదు. ఆగస్టు కిస్తీకి ఇరవై రెండు వేలు తక్కువ పడేలా ఉన్నాయి. బ్యాంకు నుంచి ఫోన్ మోగితే చాలు, వనజ చేతిలోని గుడ్డ జారిపోయేది. ఇక ఒక్క ట్రిప్పూ తప్పిపోకూడదని అప్పుడప్పుడు తనే బస్సెక్కి వెళ్లేది.

ఆ రోజు మధ్యాహ్నం ఆసిఫాబాద్ నుంచి లోపలి ఊళ్లకు పోయే ట్రిప్పు. పొద్దుటి నుంచి ఆగని వాన. బస్సులో ముప్పై మందికి పైనే ఉన్నారు. బాలింత కూతురిని చూడబోతున్న దుర్గవ్వ వనజ పక్కనే కూర్చుంది. వాగు దగ్గరికి రాగానే డ్రైవర్ అంతయ్య బ్రేకు వేశాడు. వాగు మీది కల్వర్టు పైనుంచి ఎర్రటి నీళ్లు పారుతున్నాయి.

"చెల్లె, జర ఆగుదామా?" అన్నాడు అంతయ్య. ఇరవయ్యేళ్లు బొగ్గు లారీలు నడిపిన మనిషి అతను.

"ఎంతసేపే అన్నా?"

"ఏం జెప్పాలె. గంట గావచ్చు, పొద్దూకే దాక గావచ్చు."

అంటే ఈ ట్రిప్పు పోయినట్టే, దీని తర్వాతదీ పోయినట్టే. అంతలో అవతలి నుంచి ఒక ట్రాక్టర్ నీళ్లను చీల్చుకుంటూ ఇటు దాటి వచ్చింది.

"డిపోకు ఫోన్ కలుస్తలేదు. వద్దు మేడం," అన్నాడు కండక్టర్.

"ట్రాక్టర్ వచ్చింది గద! పోనియ్యే అన్నా," అంది వనజ.

అంతయ్య అద్దంలోంచి ఆమె వంక ఒకసారి చూసి గేరు వేశాడు.

ముందు చక్రాలు దిగగానే బస్సు అడుగున నీళ్లు హోరెత్తాయి. ఏదో కొమ్మ కొట్టుకొచ్చి పక్క రేకుకు ధడాలున తగిలింది. కల్వర్టు అంచున పాతిన తెల్ల రాళ్లలో కిటికీలోంచి ఒకటి కనిపించింది, రెండోది కనిపించింది. మూడోది కనిపించలేదు. అప్పుడే బస్సు పక్కకు జరిగింది. బెత్తెడే, కానీ అందరికీ తెలిసింది.  

దుర్గవ్వ ఆమె మణికట్టును గోళ్లు దిగేలా పట్టుకుంది. "బస్సుల మనుషులున్నరే వనజా! ఎన్కకు తియ్యమను!"

"అన్నా, ఎన్కకు! ఎన్కకు తియ్యే!" వనజ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఎవ్వలు లేవకుండ్రి. కదిలితే బండి తేలుతది," అన్నాడు అంతయ్య, స్టీరింగు మీదికి వంగి. రివర్సు గేరులో ఇంజను మూలిగింది. చక్రాలు ఒకచోట ఉత్తినే తిరిగాయి, మళ్లీ పట్టు దొరికింది. జానెడు జానెడుగా వెనక్కి జరుగుతుంటే వనజ ముఖాలను చూస్తూ కూర్చుంది. తల్లి ఒళ్లో నిద్రపోతున్న ఒక పసిదాన్ని చూడలేక కళ్లు మూసుకుంది.

గట్టెక్కాక అందరూ దిగి పక్కనే ఉన్న బడి వరండాలోకి పరుగెత్తారు. ఇంకో పావుగంటకు పెద్ద చప్పుడైంది. చూస్తే కల్వర్టు నడిమి భాగం లేదు.

ఆ దారి మూతపడి, వేరే రూటు ఇచ్చేదాకా బస్సు ఆరు రోజులు తిరగలేదు. సమాఖ్యలోని ఒక్కో సంఘం కొంత కొంత పోగేస్తే కిస్తీ నాలుగు రోజులు ఆలస్యంగా కట్టారు. తర్వాతి ఆదివారం సమాఖ్య మీటింగులో ఆడవాళ్లు అంతయ్య మీద విరుచుకుపడ్డారు, నీళ్లలోకి బస్సెందుకు దింపినవని. అతను తల వంచుకుని నిలబడ్డాడే తప్ప వనజ పేరెత్తలేదు.

వనజ లేచింది.  "అన్న ఆగుదామన్నడు. పొమ్మన్నది నేను."

 దుర్గవ్వే అడిగింది. "మల్ల గట్లంటవా?"

"అననని చెప్పాలనుంది పెద్దవ్వా. గాని కిస్తీ దినం దగ్గరికొస్తే నా నోట్లకెల్లి ఏమొస్తదో... గదే భయమయితుంది."

 "అయితె మీటింగు పుస్తకంల రాయుండ్రి," అంది దుర్గవ్వ. "నీళ్లు కనవడ్డ కాడ డ్రైవర్ మాటే మాట. వనజ జెప్పినా ఇనేది లేదు."

వనజే పెన్ను తీసుకుని ఆ మాటలు రాసింది.